ఐదో మాట

1979 ఏప్రిల్ 13, శుక్రవారం. జహీరాబాద్‌లో ఆ రోజు పొద్దున ఎనిమిదికే ఎండ కళ్లలో గుచ్చింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. పదకొండుకి ఉత్తరం నుంచి వేడిగాలి మొదలై బొంబాయి రోడ్డు మీద దుమ్ము లేపింది. పన్నెండుకి ఎవరో ఆపినట్టు ఆగిపోయింది. ఆ తర్వాత ఆకు కదల్లేదు. ఇదంతా నా డైరీలో ఉంది. రోజూ వాతావరణం రాసుకునే అలవాటు నాకు కాలేజీలో అబ్బింది. ఆ పేజీలో వాతావరణం తప్ప ఇంకేమీ రాయలేదు.

నా పేరు మల్లికార్జున్. మా నాన్న రేవణసిద్ధప్పకు బజారులో బట్టల దుకాణం ఉండేది. నేను హైదరాబాద్‌లో ఫిజిక్స్ చదివి వచ్చి, దుకాణంలో కూర్చోకుండా స్టేషన్ రోడ్డులో రేడియో రిపేరు షాపు పెట్టాను. నాన్న ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. ఏదైనా కావాలంటే అమ్మ వైపు తిరిగి, "మీ సైంటిస్టును భోజనానికి రమ్మను" అనేవాడు. అది వేరే కథ. రేడియోల నుంచి మైక్‌సెట్టుకు వచ్చాను. పెళ్లిళ్లు, జాతరలు, ఉర్సులు, ఎలక్షన్లు అన్నిటికీ వెళ్లాను. చర్చికి మాత్రం 1971 నుంచి ప్రతి ఆదివారం వెళ్లేవాణ్ని. ఒక సెట్టు అక్కడే వదిలేసేవాణ్ని. వాళ్లు దాన్ని చర్చి అనరు, గుడి అంటారు.

మేము లింగాయతులం. మెడలో లింగం వేసుకుని ఎనిమిదేళ్లు ఆ గుడిలో వెనక బల్ల దగ్గర కూర్చున్నాను. ఏ పాటకు ఎవరి గొంతు పగులుతుందో, ఏ ప్రార్థనలో ఎవరు దగ్గుతారో నాకు తెలుసు. సంఘ పెద్ద జగ్గయ్య సారు నన్ను చూసినప్పుడల్లా అనేవారు: "మల్లన్నా, మా ప్రార్థనలన్నీ మాకంటే నీకే ఎక్కువ వస్తయి. పరలోకంల నిన్ను చూసి దేవుడు పరేషాన్ అయితడు. ఏ దిక్కు తోలాల్నని."

"మైకు ఎక్కడుంటే అక్కడికి తోలమనండి సార్" అనేవాణ్ని.

జగ్గయ్య సారు సరదాకే అట్లా మాట్లాడేవారు. ఆయన రిటైరైన తెలుగు పంతులు. పీఠం ఎక్కితే ఒక్క ఇంటి మాట దొర్లనిచ్చేవారు కాదు. బడిలో పిల్లలు "సార్, దూపైతుంది" అంటే, "దాహము అనరా" అని చెవి మెలేసేవారట. ఊళ్లో సగం మంది చెవులు ఆయన చేతిలో పడ్డవే.

మైకు పని గురించి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు. నాది వాల్వుల ఆంప్లిఫయర్. స్విచ్ వేశాక వేడెక్కడానికి ఒక నిమిషం పడుతుంది. అప్పుడు దుమ్ము కాలిన వాసన వస్తుంది. నాకు ఆ వాసనంటే ఇష్టం. మైకులోకి ఊదకూడదు, వేలితో తట్టి చూడాలి. కీచుమని కూత వస్తే ఆ మైకు నాబ్ తగ్గించాలి; ఒక్కో మైకుకు ఒక్కో నాబ్ ఉంటుంది. ఎవరైనా దగ్గితే, బిడ్డ ఏడిస్తే, బయట లారీ హారన్ కొడితే నాబ్ తగ్గించాలి. నా పని మాటను పెంచడం అని అందరూ అనుకుంటారు. నిజానికి నా పనిలో ఎక్కువ భాగం అక్కర్లేని చప్పుడును తగ్గించడమే. నా చెయ్యి నన్ను అడక్కుండానే ఆ పని చేసేది.

ఇంకొకటి. కాలేజీలో మా లెక్చరర్ మదన్‌మోహన్ గారు ఒకరోజు ఒక స్పీకరు తీగను ఆంప్లిఫయర్ మైకు రంధ్రంలో పెట్టి, ఆ స్పీకరు దగ్గరికి వంగి తన పేరు చెప్పారు. గదికి ఆ చివర ఉన్న ఇంకో స్పీకరులోంచి ఆయన పేరు వినిపించింది. "చూశారా, నోరు కూడా చెవే" అన్నారు. మేము చప్పట్లు కొట్టాం. పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు. నేను మర్చిపోయాను.

నాకొక చెడ్డ అలవాటు ఉండేది. మైకు తీగలకు ఒక రకం పిన్ను, స్పీకరు తీగలకు ఇంకో రకం పిన్ను పెట్టాలి. నేను అన్నిటికీ ఒకే రకం పెట్టుకుని, ఆంప్లిఫయర్ వెనక రంధ్రాలు కూడా దానికి తగ్గట్టు మార్చుకున్నాను. ఎక్కడి తీగ అక్కడ చటుక్కున దూరేది. చీకట్లో కూడా.

గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. మధ్యమధ్య పాటలు. ఆ మూడు గంటలూ కిటికీలు మూసి నల్లబట్ట కడతారు. ఎవరూ అన్నం తినరు, నీళ్లు తాగరు. పీఠం మీద ప్రసంగించేవాళ్ల కోసం ఒక గ్లాసు నీళ్లు మూత పెట్టి ఉంచుతారు. దాన్ని కూడా ఎవరూ ముట్టుకోరు. ఐదో మాట దాహం గురించి. అది ప్రతి ఏడూ జగ్గయ్య సారుది.

గుడి వెనక, పాస్టరు అయ్యగారు అంగీ మార్చుకునే గదిని ఆనుకుని రేకుల గది ఒకటి ఉండేది. అందులో శాంతవ్వ ఉండేది. శాంతమ్మ అసలు పేరు. గంట కొట్టడం, ఊడవడం, దీపాలు తుడవడం ఆమె పని. ఆ ఏడు మార్చి నుంచి జ్వరాలతో మంచం పట్టింది. ముందురోజు గురువారం నేను తీగలు సర్దడానికి వెళితే పిలిచింది.

"కొడుకా, రేపు నేను రాలేను. ముప్పై ఏండ్లల ఏడు మాటలు ఒక్కపారి తప్పలే."

షాపు నుంచి ఒక హారన్ స్పీకరు తెచ్చి ఆమె మంచానికి ఎదురుగా కిటికీ చువ్వకు కట్టాను. తీగ చాలక పాత మైకు తీగను లాగాను.

"గీ బూరల నుంచి గుడి అంత వినబడ్తదా?"

"అంతా వినబడ్తది అవ్వా."

"మరి నేను ఏమన్న అంటె మీకు వినబడ్తదా?"

నేను నవ్వాను. "వినబడదు. ఇది ఒక్క దిక్కే."

"మంచిదే తియ్యి. నా గురక వింటె జగ్గయ్య సారు ప్రసంగం మర్చిపోతడు" అని తనే నవ్వి, దగ్గింది.

శాంతవ్వకు ఒక్కతే కూతురు, మనోరమ. మిషన్ బడిలో పంతులమ్మ. పాటల బృందంలో ముందు గొంతు ఆమెదే. శుక్రవారం పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా తెల్లచీరలో నా బల్ల దగ్గరికి వచ్చింది. నా బల్ల అయ్యగారి గది తలుపు పక్కనే ఉంటుంది. ఆ తలుపు దాటితే నాలుగడుగులకు శాంతవ్వ గది.

"అన్నా, అమ్మకు పొద్దుగాల నుంచి ఒళ్లు కాలుతున్నది. నేను పోయి పాడుమని తనే కొట్లాడింది. కుండల నీళ్లు పెట్టిన గని లేవలేదు. పిలిస్తె జర చూస్తవా? ఇక్కడ అందరికంటె నీకే మంచిగ వినబడ్తది."

"ఫికర్ చెయ్యకు. నేనున్న గద" అన్నాను.

కిటికీలు మూశారు.

మొదటి మూడు మాటలు మామూలుగా గడిచాయి. రెండు వందల మంది ఊపిరి, చెమట, కొబ్బరినూనె, కరిగిన మైనం, కాలిన దుమ్ము. గోడల మీది పొడుగాటి స్పీకరు పెట్టెల్లో మాట మెత్తగా పలుకుతోంది. బయట గాలి లేదని చెప్పాను కదా. లోపల ఆ మాటా చెప్పక్కర్లేదు. నాలుగో మాట మధ్యలో సన్నగా కూత మొదలైంది. నాబ్ తగ్గించినా పోలేదు. తీగల్లో ఏదో తేడా ఉంది. ఆంప్లిఫయర్ వెనక చెయ్యి పెట్టి రెండు పిన్నులు పీకి, తుడిచి, మళ్లీ పెట్టాను. కూత పోయింది. నా పనితనాన్ని నేనే మెచ్చుకున్నాను.

ఒకటి పాటల బృందం ముందున్న రెండో మైకు తీగ. ఇంకొకటి శాంతవ్వ గది హారన్ తీగ. రెండూ ఒకే రంగు, ఒకే పిన్ను.

జగ్గయ్య సారు పీఠం ఎక్కారు. మొదలుపెట్టే ముందు ఆయన తల వంచి కాసేపు మౌనంగా నిలబడతారు. గుడి మొత్తం నిశ్శబ్దం. ఎక్కడో మైనం చిటపటలాడింది.

"దూపైతుంది."

గోడల మీది పెట్టెలన్నిటిలోంచి ఒకేసారి వచ్చింది. గట్టిగా కాదు. ఆడగొంతో మగగొంతో తెలియనంత బొంగురుగా. పక్కన కూర్చుని చెప్పినట్టు. జనం కదిలారు. ఆడవాళ్ల వైపు ఎవరో వెక్కారు. జగ్గయ్య సారు నోట దూప అనే మాట! ముప్పై ఏళ్లు చెవులు మెలేసినాయన, ప్రభువు దాహాన్ని మా అవ్వలు చెప్పుకునే మాటలో చెప్పాడని అందరికీ గుండె కరిగింది.

నేను మాత్రం ఆయన్నే చూస్తున్నాను. ఆయన పెదవులు కదల్లేదు.

"దూపైతుంది... జర నీళ్లు..."

వెక్కిళ్లు పెరిగాయి. జగ్గయ్య సారు తలెత్తి పైకి చూశారు, తన గొంతు ఎక్కడి నుంచో తనకే తిరిగి వచ్చినట్టు. నా చెయ్యి అప్పటికే రెండో మైకు నాబ్ మీద ఉంది. సున్నాకు తిప్పింది. అక్కర్లేని చప్పుడు ఆగిపోయింది. ఆయన ప్రసంగం మొదలుపెట్టారు.

ఎవరి గొంతో గుర్తుపట్టలేదని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. గుర్తుపట్టాను.

ప్రసంగం తర్వాత పాట. రెండో మైకు పలకలేదు. అప్పుడు పిన్నులు తారుమారు అయ్యాయని అర్థమైంది. మదన్‌మోహన్ గారు, ఆ చప్పట్లు, అన్నీ గుర్తొచ్చాయి. పిన్నులు మార్చాను. మనోరమ గొంతు గుడిలోకి, హారన్ దారిన ఆ రేకుల గదిలోకి వెళ్లింది. ఇప్పుడు లేవాలి అనుకున్నాను. నాలుగడుగులు. కానీ మైకును వదిలి వెళితే కూత పెడుతుంది. ఇంకా రెండు మాటలే ఉన్నాయి. ఏడో మాట అయ్యాక వెళదాం అనుకున్నాను. కూర్చున్నాను. నలభై నిమిషాలు. మైకు ఒక్కసారి కూడా కూత పెట్టలేదు.

మూడు గంటలకు మనోరమ ఆ గదిలోకి వెళ్లింది. కాసేపటికి నేనూ వెళ్లాను. శాంతవ్వ మంచం మీద సగం, నేల మీద సగం ఉంది. ఒక చెయ్యి చాచి ఉంది. ఆ చేతికీ కుండకూ మధ్య మూరెడు దూరం. కుండ నిండుగా ఉంది. నోరు తెరిచి ఉంది, హారన్ వైపు.

మనోరమ ఏడవలేదు. తల్లి పెదవులు కొంగుతో తుడుస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"పిలిచిందా అన్నా?"

"లేదు" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నాకేదైనా అనిపించి ఉండాలి. గుర్తు చేసుకోవడానికి చాలాసార్లు ప్రయత్నించాను. ఏమీ అనిపించలేదు. చెయ్యి నాబ్ తిప్పినట్టే నోరు ఆ మాట అంది.

వారం తర్వాత జగ్గయ్య సారు షాపుకు వచ్చారు. ఊరంతా ఆయన ప్రసంగం గురించే చెప్పుకుంటోంది. మొగుడంపల్లి సంఘం వాళ్లు కూడా తమ గుడికి వచ్చి చెప్పమని అడిగిపోయారట. ఆయన మాత్రం కౌంటరు మీదికి వంగి, గుసగుసగా, "మల్లన్నా, ఒక్కటి అడుగుత. ఆ మాట నేనే అన్ననా?" అన్నారు.

"మీరే అన్నరు సార్."

"అట్లనా" అన్నారు. చాలాసేపు రిపేరుకు వచ్చిన రేడియోల వంక చూసి, "అట్లనే అయి ఉంటది" అని వెళ్లిపోయారు.

ఆ హారన్ విప్పి తెచ్చి మా ఇంటి అటక మీద, మొహం గోడవైపు పెట్టి ఉంచాను. దాని తీగ కోసి పారేశాను.

మరుసటి ఏడు గుడ్ ఫ్రైడే 1980 ఏప్రిల్ 4న వచ్చింది. ఎండ తక్కువ. పొద్దున నాలుగు చినుకులు పడ్డాయి. నేల వాసన గుడిలోపలి దాకా వచ్చింది. శాంతవ్వ గదికి తాళం. గంట కొట్టే పని బస్వమ్మ అనే ఆవిడకు ఇచ్చారు. ఆ రోజు ఒక్క మైకే పెట్టాను, పీఠం మీద. పాటలు కూడా దాంట్లోనే పాడమన్నాను. ఆంప్లిఫయర్ రెండో రంధ్రం ఖాళీ. రెండో నాబ్ సున్నా దగ్గర. మూడుసార్లు చూసుకున్నాను.

బల్ల మీద నేను వినడానికి చెక్కపెట్టెలో చిన్న స్పీకరు ఒకటి ఉంటుంది. అరచేతి అంత. మైకులో ఏం పలుకుతోందో అది నాకు మెల్లగా చెబుతుంది.

కిటికీలు మూశారు. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

జగ్గయ్య సారు పీఠం ఎక్కారు. ఏడాదిలో మనిషి సగమయ్యారు. తల వంచారు. మౌనం. జనమంతా ముందుకు వంగారు. ఆ మాట కోసం వచ్చారు వాళ్లు. కానీ ఆయన మాట్లాడలేదు. ఒక నిమిషం. రెండు. అప్పుడు నాకు తెలిసింది... ఆయన ఆ మాట అనడానికి నిలబడలేదు. వినడానికి నిలబడ్డారు.

గుడి ఊపిరి బిగబట్టింది.

"దూపైతుంది."

అన్ని పెట్టెల్లోంచి. పక్కన కూర్చుని చెప్పినట్టు.

ఆడవాళ్లు ఏడ్చారు. ఎవరో "ప్రభువా" అన్నారు. నా చెయ్యి రెండో నాబ్ దగ్గరికి వెళ్లింది. సున్నా దగ్గరే ఉంది. ఇంకా తిప్పాను. అది తిరగదు. మొదటి నాబ్ కూడా సున్నా చేశాను.

"దూపైతుంది... జర నీళ్లు..."

ప్లగ్గు పీకేశాను.

వాల్వుల సెట్టుకు ఒక గుణం ఉంది. ప్లగ్గు పీకినా వెంటనే చావదు. లోపల మిగిలిన కరెంటుతో రెండు మూడు సెకన్లు పలుకుతుంది. మాట సాగి సాగి సన్నబడి పోతుంది. నాకు తెలుసు కాబట్టి లెక్కపెట్టాను. ఒకటి. రెండు. మూడు. గోడల మీది పెట్టెలు ఆగిపోయాయి. నాలుగు. ఐదు. ఆంప్లిఫయర్ ఎర్రదీపం ఆరిపోయింది. పది. వాల్వులు నల్లబడ్డాయి. జగ్గయ్య సారు మైకు లేకుండానే ప్రసంగం మొదలుపెట్టారు. కరెంటు పోయిందనుకున్నారు అందరూ. ఇరవై. ఇరవై ఐదు.

ముప్పై.

బల్ల మీది చిన్న పెట్టె గరగరమంది.

"పిలిచిన గద... కొడుకా."

చాలా మెల్లగా. నా ఒక్కడికే. కోపం లేదు అందులో. అదే నాకు ఇప్పటికీ... కోపం ఉంటే బాగుండేది.

చెమట కళ్లలోకి కారుతోంది, తుడుచుకోలేదు. పెట్టె వెనక తీగ చేత్తో పట్టుకుని చూశాను. పీకేశాను. ఆ తీగ నా చేతిలో ఉండగానే, పెట్టెలో ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు. ఎండిన నాలుక అంగిటికి అంటుకుని విడిపోయే చప్పుడు. మళ్లీ అంటుకుని... విడిపోయే చప్పుడు.

ఎవరో నా భుజం తట్టారు. మనోరమ.

"అన్నా, ఏమైంది? మొకం గట్లయింది ఏంది?" గుసగుసగా అడిగింది. ఆమె చేతిలో గ్లాసు ఉంది. పీఠం మీద మూత పెట్టి ఉంచే గ్లాసు, ఎవరూ ముట్టుకోనిది. నేను పడిపోయేలా ఉన్నానని పాటల బృందంలోంచి చూసి, అందరి ముందు నుంచి నడిచి ఆ నీళ్లు తెచ్చింది. "తాగు. ఉపవాసం మాకు, నీకు గాదు."

గ్లాసు తీసుకున్నాను. ఆమె వెళ్లలేదు. పెట్టె వైపు చూడలేదు, నన్నే చూస్తోంది.

"ఏడాది సంది అడుగుదామనుకుంటున్న. ఆ దినం అమ్మ నిజంగనే పిలువలేదు గద?"

చెప్పవచ్చు. ఆమె తెచ్చిన నీళ్లు నా చేతిలో ఉన్నాయి. ఆమె తల్లి మా ఇద్దరి మధ్య బల్ల మీద ఊపిరి పీలుస్తోంది. చెబితే అక్కడితో అయిపోయేదేమో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

"లేదు" అన్నాను.

ఆమె తలూపి వెళ్లిపోయింది. నేను గ్లాసు ఎత్తి తాగాను.

గొంతుకు ఏమీ తెలియలేదు. చల్లదనం లేదు, తడి లేదు. గ్లాసు ఖాళీ అవుతోంది, అంతే.

చిన్న పెట్టెలో గుటక వినిపించింది.

ఇంకో గుటక. ఇంకోటి. ఆశగా... తొందరగా... నేను ఎంత తాగితే అంత.

ఆ రోజు నుంచి నాకు దూప లేదు. ఇది మాట వరసకు చెప్పడం లేదు. ఎండాకాలం చిరాగ్‌పల్లి దాకా సైకిల్ తొక్కినా నాకు నీళ్లు కావాలనిపించదు. మొదటి ఏడు రెండుసార్లు స్పృహ తప్పి దవాఖానలో పడ్డాను. ఒంట్లో నీళ్లు లేవని డాక్టరు తిట్టాడు. "దాహం వేస్తే తెలవదా?" అన్నాడు. తెలియదన్నాను. అప్పటి నుంచి గడియారం చూసి తాగుతాను. తొమ్మిదికి, పన్నెండుకి, మూడుకి, ఆరుకి. తాగినప్పుడల్లా ఇంట్లో ఎక్కడో, రేడియోలోనో, రిపేరు కోసం విప్పిన స్పీకరులోనో, సన్నగా గుటక వినిపిస్తుంది. నా భార్య ఇందిరమ్మ గోడల్లో ఎలుకలు చేరాయనేది. నేను అలవాటుపడ్డాను. మనిషి దేనికైనా అలవాటు పడతాడని చదివినప్పుడు నమ్మలేదు, చదువుకునే వయసులో.

చర్చిలో పని మానలేదు. మానితే ఎందుకని అడుగుతారు. ఆ తర్వాతి గుడ్ ఫ్రైడేల్లో గోడల మీది పెట్టెలు ఏమీ అనలేదు. అనవలసిన అవసరం లేదనుకుంటాను.

1988 దసరా వెళ్లిన వారానికి షాపు మూసేశాను. కళ్లు ఆనక సన్న తీగలు కనిపించడం లేదు. ఉన్నది పంచేశాను. వాల్వుల ఆంప్లిఫయర్ న్యాల్‌కల్‌లో ఉండే మా అక్క కొడుకు సదాశివకు ఇచ్చాను. దాంతో ఏమీ కాలేదు వాడికి, ఇప్పటి వరకు. మీటరు, సోల్డరింగ్ కడ్డీ, పనిముట్ల పెట్టె ఎదురు షాపు మాణిక్‌కు. మైకులు, స్టాండ్లు, గోడల మీది పెట్టెలు చర్చికి. నా బల్ల మీది చిన్న చెక్కపెట్టెలోంచి స్పీకరు ఊడదీసి పారేస్తే, ఖాళీ పెట్టెను కొవ్వొత్తులు పెట్టుకోవడానికి బస్వమ్మ అడిగి తీసుకెళ్లింది. జగ్గయ్య సారు అప్పటికి పోయి రెండేళ్లు. ఆయన ఇల్లు కొడుక్కు, పుస్తకాలు బడికి వెళ్లాయి. ఆ మాట చర్చికి దక్కింది. ఇప్పుడు ఐదో మాట ఎవరు చెప్పినా తల వంచి, కాసేపు ఆగి, "దూపైతుంది" అనే మొదలుపెడతారు. జగ్గయ్య సారు పెట్టిపోయిన ఆనవాయితీ అని కుర్రవాళ్లు గర్వంగా చెబుతారు.

హారన్ మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అటక మీదే ఉంచాను.

పంపకాలు అయిన మర్నాడు మధ్యాహ్నం మనోరమ ఇంటికి వచ్చింది. తల నెరిసింది. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు, గడప దగ్గరే నిలబడింది.

"అన్నా, అందరికీ ఏదో ఒకటి ఇచ్చినవంట. నాకు ఆ బూర కావాలె. అమ్మ ఆఖరుసారి గుడి విన్నది దాంట్లనే గద. మూలకు పెట్టుకుంట."

"లేదు చెల్లె. అది తుక్కుల పోయింది ఎప్పుడో."

"పోయిందా" అంది. కొంగు సర్దుకుంది. కదల్లేదు.

గోడ గడియారం మూడు కొట్టింది. ఆమె ముందు తాగడం మానేద్దామనుకున్నాను. కానీ చెయ్యి అలవాటుగా చెంబు అందుకుంది. తాగాను. ఏమీ తెలియలేదు. ఖాళీ చెంబు కింద పెట్టాను.

పైన అటక మీద గుటక... ఇంకో గుటక. నేను తాగడం ఆపాక కూడా ఆగలేదు.

మనోరమ తల పైకెత్తింది. చాలాసేపు విన్నది. ఆమెకూ మంచి చెవి. పాడే మనిషి కదా.

"అన్నా... పైన ఎవరన్న ఉన్నరా? నీళ్లు తాగుతున్నట్టు..."

"లేదు" అన్నాను. "ఎవరూ లేరు."

ఆమె చెప్పులు తొడుక్కుని, మెట్లు దిగి, ఎండలోకి వెళ్లిపోయింది. ఆమెకు ఏమీ ఇవ్వలేదు.